పదిహేను వేల లోపు ఎలక్ట్రిక్ గిటార్: చేతికొచ్చాక మొదటి అభిప్రాయాలు

ఆరోతీగ – ఉప్పల్

అందరికీ నమస్తే. ఇన్నేళ్లూ అకౌస్టిక్ (కరెంటు అక్కర్లేని మామూలు గిటార్) మీదే వాయించాను. మొదటిసారి ఎలక్ట్రిక్ కొన్నాను. స్ట్రాట్ (ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్) ఆకారం, తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే పికప్‌లు మూడు, అన్నీ సింగిల్ కాయిల్, తీగలు ఆనే చోట కర్రతో కదిపి స్వరం మార్చే ట్రెమొలో బ్రిడ్జ్, ఇండోనేషియా తయారీ. ధర పదిహేను వేలకి కాస్త లోపు. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. కోఠిలో ఇదే ధరలో వేరేవి కూడా చేతిలోకి తీసుకుని చూశాను, నేను రాయబోయే మంచీ చెడూ వాటిలో చాలావాటికి వర్తిస్తాయి. పేరు రాస్తే చర్చంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు నచ్చినవి. బాడీ పాప్లర్ చెక్క, బరువు తక్కువ. స్ట్రాప్ వేసుకుని గంటసేపు నిలబడి వాయించినా భుజం లాగలేదు. నెక్ (చేత్తో పట్టుకునే పొడుగు మెడ) వెనక మెరిసే పాలిష్ లేదు, నున్నగా మ్యాట్‌గా వదిలేశారు. చెయ్యి చెమట పట్టినా అతుక్కోకుండా జారుతుంది. మన ఏప్రిల్, మే నెలల్లో ఇది చాలా పెద్ద సుఖం. రంగు పూత ఎక్కడా కారలేదు, నెక్ బాడీలో కూర్చున్న చోట సందు లేదు. ఈ ధరకి ఇంత శుభ్రమైన పనితనం వస్తుందని నేను అనుకోలేదు.

శబ్దం విషయానికొస్తే నెక్ పికప్ (నెక్‌కి దగ్గరగా ఉన్నది) నాకు అమాంతం నచ్చేసింది. యాంప్‌లో (శబ్దం పెంచే స్పీకర్ పెట్టె) ఏ ఎఫెక్టూ లేకుండా, వాల్యూమ్ ఏడు మీద పెట్టి మెల్లగా మీటితే ప్రతి స్వరం నిండుగా, విడివిడిగా వినిపిస్తోంది. నెక్, మిడిల్ కలిపిన పొజిషన్ కూడా బాగుంది. బ్రిడ్జ్ పికప్ మాత్రం పలచగా, చెవిలో గుచ్చినట్టు ఉంది.

ఇక ఇబ్బందులు. నెక్ అంచు మీద చెయ్యి జార్చితే ఫ్రెట్ల (అడ్డంగా ఉండే లోహపు మెట్లు) చివరలు గీసుకుంటున్నాయి. మొదటి ఫ్రెట్‌లో ఎఫ్ కార్డ్ (చూపుడు వేలితో తీగలన్నీ నొక్కి పట్టే స్వరాల జట్టు) పట్టాలంటే అకౌస్టిక్ కంటే ఎక్కువ బలం కావాల్సి వస్తోంది. ట్యూనర్‌లో తీగలన్నీ సరిగ్గా ఉన్నా, ఓపెన్ కార్డ్స్ (కొన్ని తీగలు నొక్కకుండా వదిలేవి) వాయిస్తే అపశ్రుతి పలుకుతోంది. పై ఫ్రెట్లలో తీగలు బాగా ఎత్తుగా ఉన్నాయి. వీటికి తోడు హమ్, అంటే యాంప్‌లోంచి ఆగకుండా వచ్చే గుయ్ మనే శబ్దం. నేను తీగలు ముట్టుకుంటే తగ్గుతోంది, వదిలితే మళ్లీ మొదలు.

వాపసు చేసే గడువు ఇంకా ఉంది. పంపేయాలా, సెటప్ (నెక్ వంపు, తీగల ఎత్తు లాంటివి సర్దడం) చేయించాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

లాలాగూడ_లయ – దక్షిణ లాలాగూడ

తమ్ముడూ, శుభాకాంక్షలు. వాపసు మాట పక్కన పెట్టు. నువ్వు రాసినవాటిలో ఇది తయారీలో పాడైన గిటార్ అని చెప్పగలిగేది ఒక్కటి కూడా లేదు. అది సెటప్ లేని గిటార్, అంతే. ఫ్యాక్టరీలో తీగలు కట్టి, తొందరగా చూసి, డబ్బాలో పెట్టి ఓడ ఎక్కిస్తారు. ఖరీదైన గిటార్ మీద మనిషి గంటసేపు కూర్చుని పని చేస్తాడు. చవక గిటార్‌లో వాళ్లు మిగుల్చుకునేది ఆ గంటే. ఆ పని ఇప్పుడు నువ్వు చెయ్యాలి.

నేను పెళ్లి కాకముందు నుంచి చర్చిలో వాయిస్తున్నాను. మా రైల్వే కాలనీల్లో అప్పట్లో గిటార్ ఉన్న ఇల్లు ఏదో వీధంతటికీ తెలుసు. ఇప్పుడు మా దగ్గరికొచ్చే పిల్లలు తెచ్చే చవక గిటార్లు నా మొదటి గిటార్ కంటే ఎన్నో రెట్లు మంచివి. వాళ్లలో సగం మంది మొదటి నెలలోనే వదిలేస్తారు. కారణం వేళ్ల నొప్పి. దాని వెనక ఉన్నది ఎత్తుగా ఉన్న నట్టు, అంటే నెక్ చివర తీగలు గాడుల్లో ఆనే చిన్న ముక్క. ఎవరూ సరిచేసి ఇవ్వకపోవడం వల్ల పిల్లాడు తనకి సంగీతం రాదనుకుంటాడు. దీని గురించి నాకు చాలా బాధ ఉంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

వరస తప్పకుండా చెయ్యి. ముందు నెక్ వంపు, తర్వాత తీగల ఎత్తు, ఆ తర్వాత ఇంటొనేషన్ (నెక్ పొడుగునా స్వరం సరిగ్గా పలికేలా తీగ పొడవు సర్దడం). వరస మారిస్తే చేసిందే మళ్లీ చెయ్యాలి.

నెక్ వంపు చూడాలంటే గిటార్‌ని సరిగ్గా ట్యూన్ చేసి, మొదటి ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టు. ఆరో తీగని (అన్నిటికంటే లావుది; మొదటిది అన్నిటికంటే సన్నది) నెక్ బాడీని కలిసే చోట నొక్కి పట్టు. ఇప్పుడు ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడు. సుమారు 0.25 మి.మీ. ఉంటే సరి. మందమైన విజిటింగ్ కార్డు అటూ ఇటూగా అంతే ఉంటుంది. సందు ఎక్కువుంటే ట్రస్ రాడ్ (నెక్ లోపలి ఇనప కడ్డీ) చివర ఉండే బోల్టు నట్టుని గడియారం ముల్లు తిరిగే దిక్కులో బిగించాలి, సందు మరీ తక్కువుంటే వదులు చెయ్యాలి. ఒకసారికి పావు చుట్టు మించకూడదు. తిప్పాక మళ్లీ ట్యూన్ చేసి, కొంతసేపు వదిలి, అప్పుడు కొలువు. తిరగనని మొండికేస్తే బలవంతం చెయ్యకు, తెలిసినవాళ్లకి చూపించు.

తీగల ఎత్తు 12వ ఫ్రెట్ దగ్గర స్టీలు స్కేలు పెట్టి చూడు. ఆరో తీగ కింద 2 మి.మీ., మొదటి తీగ కింద 1.5 మి.మీ. దగ్గర మొదలుపెట్టు. ఒక్కో శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) మీద రెండేసి చిన్న అలెన్ స్క్రూలు ఉంటాయి, వాటితోనే ఎత్తు మారుతుంది. బజ్ (తీగ ఫ్రెట్లకి తగిలి వచ్చే జిరజిర) వస్తే కొంచెం లేపు.

ఎఫ్ కార్డ్ కష్టం, ఓపెన్ కార్డ్స్ అపశ్రుతి, ఈ రెండింటికీ కారణం ఒకటే అని నా అనుమానం: నట్టు గాడులు లోతు చాలలేదు. తీగని రెండు, మూడు ఫ్రెట్ల మధ్య నొక్కి, మొదటి ఫ్రెట్ పైన సందు చూడు. వెంట్రుక దూరేంత ఉండాలి. అంతకంటే ఎక్కువుంటే, మొదటి ఫ్రెట్‌లో నొక్కేటప్పుడు తీగ సాగి స్వరం పైకి పోతుంది. ట్యూనర్ ఓపెన్ తీగలకే సరిపోయింది కాబట్టి నీకు అంతా సరిగ్గా ఉన్నట్టు కనిపించింది. నట్టు పని మాత్రం ఇంట్లో చెయ్యకు. దానికి ఒక్కో తీగ మందానికి ఒక్కో ఆకురాయి కావాలి, గాడి లోతు మించితే నట్టే మార్చాలి.

కోఠిగల్లీ – సుల్తాన్ బజార్

అన్న మంచిగ చెప్పిండు. హమ్ము ముచ్చట నేను చెప్త.

సింగిల్ కాయిల్ అంటె అయస్కాంతం చుట్టూ రాగి తీగ చుట్టినదే. గది చుట్టుపక్కల కరెంటు ఎంత పారుతున్నదో దాని సప్పుడంత గుంజుకుంటది. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, ఆ గుయ్ మనేది దాన్నుంచి వచ్చేదే. ఫస్టు నీ ఫ్యాన్ రెగ్యులేటర్ చూడు. గుండ్రంగ తిప్పే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ అయితె ఫ్యాన్ బంద్ జేసి విను. గర్ర్ మనే సప్పుడు చానా తగ్గుతది. సస్తా ఎల్‌ఈడీ అడాప్టర్లు, ఫోన్ చార్జర్లు, రూటర్ పక్కకు కూసోవుడు, గివన్ని లొల్లి పెట్టేటియే. గిటార్ పట్టుకొని కూసున్న కాడ్నే జర అటు ఇటు తిరుగు. ఒక దిక్కు తిరిగితె తక్కువ వినవడ్తది, గా దిక్కే కూసో.

స్విచ్చు రెండో పొజిషన్ల, నాలుగో పొజిషన్ల (రెండు పికప్‌లు కలిసి మోగే కాడ) పెట్టి కూడ విను. చానా స్ట్రాట్లల్ల నడిమి పికప్‌ను ఉల్టా చుడ్తరు, అయస్కాంతం గుడ ఉల్టానే ఉంటది. రెండు పికప్‌లు కలిసినప్పుడు హమ్ము ఒకదాన్నొకటి కొట్టేస్కుంటది, స్వరం మాత్రం నిలుస్తది. నీ దాంట్ల సప్పుడు తగ్గితె గట్ల చుట్టిండ్రన్నట్టు.

తీగలు ముట్టుకుంటె తగ్గుతుందంటివి, పరేషాన్ గాకు, అది గట్లనే ఉండాలె. తీగలు బ్రిడ్జ్ కాడికెల్లి లోపటి వైరుతోని యాంప్ ఎర్తుకు కలిసి ఉంటయి. కానీ ఒక్కటి గట్టిగ చెప్తున్న. తీగ ముట్టుకుంటె చేతికి చురుక్కు మన్నదనుకో, వెంటనే ప్లగ్గు గుంజెయ్. గిటార్ తప్పు కాదది, నీ ఇంట్ల ఎర్తింగ్ లేకపోవచ్చు, లేకుంటె యాంపే ఖరాబై ఉండొచ్చు. పాత బిల్డింగులల్ల మూడు పిన్నుల సాకెట్ ఉంటది, లోపట ఎర్తు వైరు మాత్రం ఉండది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపియ్యి. యాంప్ ప్లగ్గు మూడో పిన్ను ఎన్నడు విరగ్గొట్టద్దు.

అలెన్ కీలు, ఫీలర్ గేజ్ (సన్న సందులు కొలిచే రేకులు) రాణిగంజ్‌ల దొరుకుతయి. జాకు, వైరు, సోల్డరింగ్ సామాను కావాలంటె గుజరాతీ గల్లీకి రా.

వడ్రంగి_మనవడు – అల్వాల్

ఫ్రెట్ చివరల గురించి నేను రాస్తాను. మా తాతది వడ్రంగం. నేను ఆ పని వృత్తిగా చెయ్యకపోయినా చెక్క ఎలా నడుచుకుంటుందో ఆయన పక్కన కూర్చుని చూశాను.

మీ ఫ్రెట్‌బోర్డు (ఫ్రెట్లు దిగేసిన చెక్క) ముదురు గోధుమ రంగులో, చారలు చారలుగా ఉంటే అది బహుశా ఇండియన్ లారెల్. మన నల్లమద్ది చెట్టే అది, నల్లమల అడవుల్లో పెరుగుతుంది. ఒకప్పుడు చవక గిటార్లకి కూడా రోజ్‌వుడ్ వేసేవాళ్లు. 2017 జనవరిలో రోజ్‌వుడ్ జాతులన్నిటి అంతర్జాతీయ వ్యాపారం మీద కట్టుబాట్లు వచ్చాయి. ప్రతి సరుకుకీ కాగితాలు కావాల్సి వచ్చేసరికి చాలా కంపెనీలు లారెల్ వైపు తిరిగాయి. 2019 నవంబరులో తయారైన వాయిద్యాలకి సడలింపు ఇచ్చినా, చవక గిటార్లలో లారెల్ అలాగే ఉండిపోయింది. లారెల్ అంటే నాసిరకం అనేవాళ్ల మాట వినకండి. గట్టి చెక్క, అరుగుదలకి తట్టుకుంటుంది.

చెక్క తేమని పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. నిలువునా దాదాపు మారదు. అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది, తగ్గుతుంది. ఫ్రెట్ లోహం కాబట్టి అలాగే ఉంటుంది. జావాలాంటి తేమ ప్రాంతంలో తయారై, దక్కన్ ఎండకో, ఏసీ గదికో వచ్చేసరికి నెక్ అడ్డంగా సన్నబడుతుంది. ఫ్రెట్ చివరలు బయటికి పొడుచుకొస్తాయి. మీ చేతికి గీసుకునేది అదే.

దయచేసి వెంటనే ఆకురాయి పట్టకండి. ముందు గిటార్‌ని ఇంటి గాలికి అలవాటు పడనివ్వండి. గదిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే గిటార్‌కి హాయి. చిన్న తేమ మీటర్ ఒకటి కొని గిటార్ ఉన్న చోటే పెట్టండి. ఎండాకాలంలో కేసులో పెట్టి మూసి ఉంచడం మంచిది, గోడకి వేలాడదీస్తే, ముఖ్యంగా ఏసీ గాలి నేరుగా తగిలే చోట, ఇంకా ఎండుతుంది. ఫ్రెట్‌బోర్డుకి లెమన్ ఆయిల్ పేరుతో దొరికేది పలచగా రాసి, కొద్దిసేపటికి పూర్తిగా తుడిచేయండి. లారెల్‌కి, రోజ్‌వుడ్‌కి అది పనికొస్తుంది, పాలిష్ వేసిన మేపుల్‌కి అక్కర్లేదు.

అప్పటికీ గుచ్చుకుంటుంటే సన్నటి ఆకురాయితో చివరల్ని కొంచెం ఏటవాలుగా, కాస్త గుండ్రంగా అరగదియ్యాలి. ఫ్రెట్ల మధ్య చెక్కకి మాస్కింగ్ టేప్ అంటించాలి. లోహపు పొడి పికప్‌లలోకి పోకుండా వాటినీ కప్పాలి, ఇది చాలామంది మర్చిపోతారు. ఆ పొడి ఒకసారి పికప్‌లోకి దూరితే తీయడం కష్టం.

రెండుకాయిల్స్ – కూకట్‌పల్లి

అందరూ సెటప్ అంటున్నారు. నా అభిప్రాయం కొంచెం వేరు. సెటప్‌కి ఖర్చు, ఆ తర్వాత బ్రిడ్జ్ పికప్ నచ్చక అది మార్చే ఖర్చు, తర్వాత ట్యూనింగ్ కీలు. అన్నీ కలిపి చూస్తే పై మెట్టు గిటార్ ధరకి దగ్గరవుతుంది. యమహా పాసిఫికా 112వి నా దగ్గర ఉంది. బ్రిడ్జ్‌లో హంబకర్ (రెండు కాయిల్స్‌తో హమ్ కొట్టేసే పికప్), మిగతా రెండూ సింగిల్ కాయిల్, అన్నీ ఆల్నికో 5 అయస్కాంతాలు. టోన్ నాబ్ పైకి లాగితే హంబకర్‌లో ఒక కాయిల్ మాత్రమే పని చేస్తుంది. హమ్ అక్కర్లేనప్పుడు హంబకర్, స్ట్రాట్ పదును కావాలన్నప్పుడు సింగిల్. 1955లో సెత్ లవర్ గిబ్సన్ గిటార్ కంపెనీలో హంబకర్ తయారుచేసిందే ఈ హమ్ పోగొట్టడానికి. గడువు ఉంది కాబట్టి వాపసు చేసి, కొన్నాళ్లు డబ్బు దాచుకుని మంచిది కొనుక్కోండి.

లాలాగూడ_లయ – దక్షిణ లాలాగూడ

112వి మంచి గిటార్, దానికి నేను అడ్డు చెప్పను. నీ లెక్కతో మాత్రం ఒప్పుకోను. కొన్నాళ్లు డబ్బు దాచడం అంటే ఎన్ని నెలలు? ఆ నెలల్లో ఈ అబ్బాయి చేతిలో గిటార్ ఉండదు. వాయించకుండా గడిచిన నెలలు ఏ ఆల్నికో తిరిగి ఇస్తుంది?

ఇంకొకటి. ఆ ఖరీదైన గిటార్ కూడా డబ్బాలోంచి తీయగానే నట్టు ఎత్తుగా ఉండొచ్చు. అల్వాల్ తమ్ముడు చెప్పిన చెక్క ఎండిపోవడం దానికీ తప్పదు. సెటప్ ఖర్చు దానికీ ఉంటుంది. సెటప్ నేర్చుకున్నవాడికి ఆ ఖర్చు ఒక్కసారే.

ఈ చవక గిటార్ల చరిత్ర కూడా చూడు. ఫెండర్ వాళ్లు 1982లో జపాన్‌లో స్క్వయర్ పేరుతో మొదలుపెట్టినప్పుడు వచ్చినవాటిని ఇవాళ జనం ఏరి కొనుక్కుంటున్నారు. 1980ల చివర్లో స్క్వయర్ టూ పేరుతో కొన్ని మన దేశంలోనే తయారయ్యాయి. ఇప్పుడు ఇండోనేషియాలో సురబాయలో ఉన్న కోర్ట్ ఫ్యాక్టరీ ఒక్కటే ఎన్నో కంపెనీలకి చేసిపెడుతోంది. చవక అనేది మొదటి చూపులో కనిపించేంత పెద్ద తేడా కాదు.

రెండుకాయిల్స్ – కూకట్‌పల్లి

నెలల సంగతి మీరన్నది నిజమే, అన్నా. హమ్ విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. డిస్టార్షన్ (స్వరాన్ని కావాలని గరగరలాడించే ఎఫెక్ట్) పెట్టి వాయించేవాళ్లకి బ్రిడ్జ్‌లో సింగిల్ కాయిల్ కష్టం. ఆయన ఏ రకం సంగీతం వాయిస్తారో ఇంకా చెప్పలేదు.

శ్రుతిపెట్టె – మారేడుపల్లి

ఆరోతీగ గారూ, నేను వీణ నేర్చుకున్నాను, తర్వాత ఎలక్ట్రిక్ గిటార్‌లోకి వచ్చాను. మీరు నెక్ పికప్ నచ్చిందని రాయగానే ఉత్సాహం కలిగింది. కర్ణాటక సంగీతానికి నేను వాడేది అదే. మాండలిన్ శ్రీనివాస్ గారు మన పాలకొల్లులో పుట్టినవారే. ఆయన వాయించింది ఎలక్ట్రిక్ మాండలిన్, జంట తీగలు తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నది. గమకం పలకాలంటే స్వరం సాగాలి, మీటిన తర్వాత నిలవాలి. సాలిడ్ బాడీ, పికప్ ఉంటే ఆ నిలకడ దొరుకుతుంది.

వీణలో మెట్లు మైనం మీద ఎత్తుగా నిలబెడతారు, తీగని పక్కకి లాగితే చాలా దూరం సాగుతుంది. గిటార్ ఫ్రెట్లు పొట్టివి, అయినా 9–42 తీగలు (సన్న తీగ, లావు తీగ మందాలు, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వేస్తే రెండో తీగ, మూడో తీగ మీద ఒక పూర్తి స్వరం హాయిగా పైకి లాగొచ్చు. అంతకంటే పెద్ద దూరాలకి జారు వాడతాను. ఇక్కడ అన్నలు చెప్పిన ఎత్తుల్లో నాది ఒక చిన్న సవరణ: గమకాలకి తీగలు మరీ కిందకి దించకండి. బాగా కిందకి ఉంటే వేలు తీగ కిందకి దూరక పట్టు దొరకదు, లాగినప్పుడు పై ఫ్రెట్లకి తగిలి స్వరం చచ్చిపోతుంది. మొదటి తీగ కింద 1.75 మి.మీ. దగ్గర నాకు బాగుంటుంది.

పికప్ ఎత్తు కూడా చూసుకోండి. పికప్‌లు తీగలకి మరీ దగ్గరగా ఉంటే అయస్కాంతం తీగని లాగుతుంది, లావు తీగల్లో స్వరం వణికినట్టు, రెండు స్వరాలు కలిసినట్టు వినిపిస్తుంది. చివరి ఫ్రెట్ నొక్కి పట్టి చూస్తే ఆరో తీగకి 2 మి.మీ., మొదటి తీగకి 1.6 మి.మీ. దగ్గర మొదలుపెట్టొచ్చు. శ్రుతి పట్ల శ్రద్ధ ఉన్నవాళ్లకి ఈ ఒక్క సర్దుబాటుతో గిటార్ వేరేదిలా వినిపిస్తుంది.

తొలిపాఠం – దిల్‌సుఖ్‌నగర్

నేను ఇంటర్ చదువుతున్నాను. ఇంకా ఏ గిటారూ కొనలేదు. ముందు అకౌస్టిక్ నేర్చుకుంటేనే ఎలక్ట్రిక్ వస్తుందని మా సార్ అంటున్నారు. నిజమేనా?

శ్రుతిపెట్టె – మారేడుపల్లి

బాబూ, మీ సార్ మాటలో కొంత నిజం ఉంది, వేళ్లు గట్టిపడతాయి. అలాగని అది నియమం కాదు. అకౌస్టిక్‌కి మామూలుగా 12–53 తీగలు వేస్తారు, ఎలక్ట్రిక్‌కి 9–42. ఎలక్ట్రిక్ వేళ్లకి సుళువు. నువ్వు ఏ పాటలు వినిపిస్తే ఆగి వింటావో ఆ వాయిద్యమే కొనుక్కో. ఎలక్ట్రిక్‌కి యాంప్ ఖర్చు కూడా కలుపుకుని ఇంట్లో అడుగు.

కోఠిగల్లీ – సుల్తాన్ బజార్

యాంప్ అంటె యాదికొచ్చింది. ఆరోతీగ అన్నా, నువ్వు దేంట్ల వింటున్నవ్? చిన్న స్పీకర్ పెట్టెల బ్రిడ్జ్ పికప్ ఎప్పుడైనా పలచగనే వినవడ్తది. గిటార్‌ను తిట్టే ముందల పెద్ద స్పీకర్ల పెట్టి విను. అపార్టుమెంటుల 15 వాట్లే ఎక్కువ, పక్కింటోళ్లు తలుపు కొడ్తరు. హెడ్‌ఫోన్ సాకెట్ ఉన్నది తీసుకుంటె రాత్రి పూట గుడ వాయించుకోవచ్చు. కంప్యూటర్‌ల వాయించాలంటె పార్క్‌లేన్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే డబ్బా) చూడు. మైకు సాకెట్‌ల గుచ్చకు, సప్పుడు మంచిగ రాదు.

ఆరోతీగ – ఉప్పల్

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. గిటార్ ఉంచేసుకున్నాను. మీరు చెప్పిన వరసలోనే పని చేశాను, ఏమైందో వివరంగా రాస్తాను, తర్వాత వచ్చేవాళ్లకి పనికొస్తుంది.

నెక్ వంపు ఎక్కువే ఉంది, విజిటింగ్ కార్డు వదులుగా దూరిపోయింది. ట్రస్ రాడ్ పావు చుట్టు బిగించి, రాత్రంతా వదిలి, మర్నాడు చూస్తే లాలాగూడ అన్న చెప్పిన దగ్గరికి వచ్చింది. ఆ ఒక్క మార్పుతోనే పై ఫ్రెట్లలో తీగల ఎత్తు సగం సమస్య తీరింది. నేను శాడిల్ ఎత్తే కారణం అనుకున్నాను, అసలు నెక్కే ముందుకు వంగి ఉంది. మొదటి తీగ కింద శ్రుతిపెట్టె గారు చెప్పిన కొలతే పెట్టాను, ఎందుకంటే నేనూ సినిమా పాటల్లో వంపులు ఎక్కువగా వాయిస్తాను. రెండుకాయిల్స్ గారూ, డిస్టార్షన్ వాడకం నాకు చాలా తక్కువ.

నట్టు మాత్రం సికింద్రాబాద్‌లో వాయిద్యాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఒక్కో గాడి కొంచెం కొంచెం అరగదీస్తూ, ప్రతిసారీ తీగ ఎక్కించి, మొదటి ఫ్రెట్ నొక్కి ట్యూనర్ చూస్తూ పని చేశారు. గాడుల్లో మెత్తటి పెన్సిల్ ముక్కు రుద్దారు. తీగ అక్కడ పట్టేయకుండా జారితేనే ట్రెమొలో వాడాక మళ్లీ శ్రుతిలోకి వస్తుందట. బయటికి వచ్చి ఎఫ్ కార్డ్ పట్టాను. చూపుడు వేలు ఆనించగానే ఆరు తీగలూ పలికాయి. ఇన్నాళ్లూ నా వేలి బలం చాలదనుకున్న కార్డ్ అది. చాలా సంతోషంగా ఉంది, ఆ మాట ఇక్కడ రాయకుండా ఉండలేను.

ఇంటొనేషన్ ఇంట్లోనే చేశాను. ఈ గిటార్‌లో నట్టు నుంచి బ్రిడ్జ్ దాకా 648 మి.మీ. 12వ ఫ్రెట్ సరిగ్గా అందులో సగం. అక్కడ తీగని తాకీ తాకనట్టు పెట్టి మీటితే వచ్చే హార్మోనిక్, అదే ఫ్రెట్ నొక్కితే వచ్చే స్వరం ఒకటే కావాలి. నొక్కినప్పుడు స్వరం పైకి పోతే శాడిల్‌ని వెనక్కి, నట్టుకి దూరంగా జరపాలి. కిందకి పోతే ముందుకి. మూడో తీగ బాగా తేడా ఉంది, మిగతావి దాదాపు సరిగ్గానే ఉన్నాయి.

ట్రెమొలో గురించి ఎవరూ రాయలేదు, నాకు తెలిసింది రాస్తాను. వెనక మూత తీస్తే స్ప్రింగులు, వాటిని పట్టుకున్న రెండు పొడుగు స్క్రూలు కనిపిస్తాయి. ఒక వైపు తీగల లాగుడు, ఇంకో వైపు స్ప్రింగుల లాగుడు. రెండూ సమానమైతే బ్రిడ్జ్ గాల్లో నిలుస్తుంది, ఒక తీగ మారిస్తే మిగతావన్నీ శ్రుతి తప్పుతాయి. నేను ఆ స్క్రూలు బిగించి బ్రిడ్జ్‌ని బాడీకి ఆనించేశాను. ట్రెమొలో కిందకి నొక్కడం ఇప్పటికీ కుదురుతుంది, పైకి లాగడం కుదరదు. ట్యూనింగ్ నిలకడ ఎంతో మెరుగైంది. మొదటి గిటార్‌కి ఇదే మంచి పద్ధతని నా నమ్మకం.

హమ్‌కి మూలం ఫ్యాన్ రెగ్యులేటరే. పాత రకం, మెట్లు మెట్లుగా తిరిగేది పెట్టించాం, గర్జన పోయింది. సన్నటి గుయ్ మాత్రం నెక్, మిడిల్, బ్రిడ్జ్ ఒక్కొక్కటే వాడినప్పుడు ఉంది, రెండూ నాలుగూ పొజిషన్లలో నిశ్శబ్దం. ఎర్తింగ్ కూడా చూపించాం, బాగానే ఉంది. ఫ్రెట్ చివరలు కొంచెం మెత్తబడ్డాయి, పూర్తిగా పోలేదు. వానలు మొదలయ్యాక చూసి అప్పుడు అరగదీయాలని ఆగాను.

మిగిలింది బ్రిడ్జ్ పికప్. పెద్ద స్పీకర్‌లో విన్నాను, పదును ఇంకా ఎక్కువే అనిపిస్తోంది. టోన్ నాబ్ తిప్పినా మారడం లేదు. పికప్ మార్చాలా?

రెండుకాయిల్స్ – కూకట్‌పల్లి

ఇప్పుడే మార్చకండి. గిటార్ వాపసు చేయమని ఇంతకుముందు రాసింది నేనే అయినా, మీ సంగీతానికి ఇంకో చౌక దారి ఉంది. స్ట్రాట్ పాత పద్ధతి వైరింగ్‌లో బ్రిడ్జ్ పికప్‌కి టోన్ కంట్రోలే ఉండదు. ఒకటి నెక్‌కి, ఒకటి మిడిల్‌కి. 1954 నుంచి అలాగే వస్తోంది. స్విచ్ మీద చిన్న వైరు ముక్క కలిపితే కింది టోన్ నాబ్ బ్రిడ్జ్‌కి కూడా పని చేస్తుంది. టోన్ ఆరు, ఏడు మీద పెట్టి వింటే ఆ గుచ్చుడు పోతుంది.

లాలాగూడ_లయ – దక్షిణ లాలాగూడ

ఇది సరైన సలహా. నా స్ట్రాట్‌లో అదే చేశాను. అయిదు పొజిషన్ల స్విచ్ 1977లో గానీ ఫ్యాక్టరీ నుంచి రాలేదు. అంతకు ముందు మూడు పొజిషన్ల స్విచ్‌ని మధ్యలో ఇరికించి వాయించేవాళ్లు. ఈ గిటార్‌ని వాయించేవాళ్లే సరిచేసుకుంటూ వచ్చారు. నువ్వు వైరు కలపడానికి వెనకాడకు.

కోఠిగల్లీ – సుల్తాన్ బజార్

వైరు ముక్క, సోల్డరింగ్ ఐరన్ నా తాననే ఉన్నయి. శనివారం పొద్దుగూకే టైముకు దుకాణం కాడికి గిటార్ తీసుకొని రా. పది నిమిషాల పని. వైరు యాడ పెట్టాలెనో స్విచ్చు రకాన్ని బట్టి ఉంటది, చూస్తె గానీ చెప్పలేను.

ఆరోతీగ – ఉప్పల్

తప్పకుండా వస్తాను అన్నా. తీగలు విప్పి తేవాలా, అలాగే తేవాలా?

కోఠిగల్లీ – సుల్తాన్ బజార్

ఇప్పకు, అట్లనే తే. పిక్‌గార్డ్ (పికప్‌లు బిగించిన ప్లాస్టిక్ పలక) లేపాలంటె తీగలు వదులు చెయ్యాలె, అది ఈడనే చేద్దాం. ఎట్లాగు తీస్తున్నం గదా, 9–42 కొత్త సెట్టు ఒకటి తెచ్చుకో. ఎక్కించినంక ఒక్కొక్క తీగ జర గుంజి గుంజి మళ్ల ట్యూన్ చెయ్యాలె, లేకుంటె వారం దాంక శ్రుతి నిలవది. అల్వాల్ అన్నను గుడ రమ్మను, ఫ్రెట్ చివరలు అక్కడ్నే చూస్తడు.

వడ్రంగి_మనవడు – అల్వాల్

వస్తాను. ఆకురాయి, మాస్కింగ్ టేప్ నేను తెస్తాను. అరగదీయాలా వద్దా అన్నది గిటార్ చూశాకే.